మట్టి అంటని తెల్లబట్టలు

ఇరాన్‌లోని కెర్మాన్ ప్రాంతాన నేల అడుగున నీటి సొరంగాలు తవ్వేవారు తెల్లబట్టలు ధరించి బావిలోకి దిగుతారు. మట్టి కూలితే ఆ బట్టలే కఫను, శవానికి చుట్టే గుడ్డ. మనసు కీడు శంకించిననాడు ‘ఈ రోజు నాది కాదు’ అని ఇంటికి మరలిపోవచ్చు. అలా మరలినవాణ్ణి ఏ నోరూ ఎత్తిపొడవదు. ఉస్తాద్ ఖుదాదాద్ నలభై ఏళ్లు ఆ ఆచారం నడుమనే బతికాడు. ఒకసారి మెడదాకా మట్టిలో పూడిపోయి, ప్రాణాలతో బయటపడ్డాడు. అది మొదలు బావిలోని చీకటి కంటబడితే ఊపిరి అందేది కాదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

వసంతంలో మహ్‌రుఖ్ అనే ఇంజనీరు ఊరి నేలకు పటం గీయ వచ్చింది. భూకంపం ఒకటే అయినా నేల నేలకూ వణుకు వేరని ఆమె పెరుగు గిన్నెతో చూపింది. వేలితో తడితే గిన్నె నిలిచింది, పెరుగు మాత్రం చాలాసేపు ఊగింది. అడుగున గట్టి గులకనేల ఉంటే పటంలో ఆకుపచ్చ, మెత్తని బంకమట్టి ఉంటే ఎరుపు; ఎరుపు పడినచోట గోడలకు ఇనుము కట్టిస్తారు. ఇరుకు సందుల్లోకి యంత్రం రాదు గనుక, ఆరు పాత బావుల్లో దిగి అడుగుదాకా నిలువు నిలువుకూ మట్టి తెచ్చే పని ఉస్తాద్‌కు అప్పగించింది.

బాలికల బడి పక్క బావిలో ఖుదాదాద్ రెండు నిలువులు దాటలేదు. అక్కడే కాలు ఆనించి, ఒకేచోట గోడ గోకి, సంచులన్నీ నింపాడు. అడుగుదాకా గులకేనని పైకి వచ్చి చెప్పాడు. బావిపైన రాట్నం తిప్పి అతన్ని దించిన రజబలీ మిగిలిన తాడు వంక చూసి ఊరుకున్నాడు. పటంలో బడి ఆకుపచ్చ అయింది, గోడలకు ఇనుము పడలేదు.

శరత్తులో ఒక శుక్రవారం ఉదయం భూమి కంపించింది. సెలవు గనుక బడిలో ఎవరూ లేరు. చుట్టుపక్కల గట్టినేల మీది మట్టి ఇళ్లెన్నో పగుళ్లతో నిలిచాయి, బడి కుప్పకూలింది. పటం తప్పినందుకు పైవారు మహ్‌రుఖ్‌ను సంజాయిషీ అడిగారు. ఆమె శిథిలాల దగ్గరికి వచ్చింది.

"లెక్క నేనే ఎక్కడో తప్పాను, ఉస్తాద్. మీరు తెచ్చిన మట్టిలో దోషం లేదు."

నిందను భరించడానికి సిద్ధపడి వచ్చిన ఖుదాదాద్ ఆ నమ్మకం కింద తల ఎత్తలేకపోయాడు.

వెంట వచ్చిన రజబలీ ముందుకు జరిగాడు. "ఆ రోజు నీ బట్టలు మల్లెపువ్వుల్లా పైకొచ్చాయి ఉస్తాద్. బంకమట్టిలో దిగినోడి బట్టలు మా ఆవిడ మూడు రోజులు ఉతికినా తెల్లబడవు. సగం తాడు నా చేతిలోనే మిగిలింది. నోరు మూసుకున్నందుకు నాకూ నిద్ర లేదు. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తాను," అన్నాడు ఖుదాదాద్. "అమ్మా, నేను అడుగుదాకా దిగలేదు. భయమేసింది."

మహ్‌రుఖ్ అతని వైపు తిరిగింది. "ఈ రోజు నాది కాదు అంటే సరిపోయేది కదా ఉస్తాద్. ఎవరు నవ్వేవారు?"

ఎవరూ నవ్వేవారు కాదు. ఊరు ముందే మన్నించిన భయాన్ని దాచబోయి, మన్నింపు లేని అబద్ధాన్ని ఆడపిల్లల నెత్తిన నిలబెట్టాడు. అతని సిగ్గుకు మూలం అదే.

"మిగతా అయిదు బావుల్లో?" అని ఆమె అడిగింది.

"రెంటిలోనే అడుగుదాకా దిగాను."

ఆమె విరిగిన బల్ల మీద పటం పరిచి, దిగని బావులను అతని వేలితోనే చూపమంది. రెండు చోట్ల చూపాడు. మూడోచోట వేలు ఆనించడానికి చాలాసేపు పట్టింది. అది అతని కూతురు కాపురమున్న వీధి.