గాయాల రిజిస్టరు

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ ముత్యాలు అనే పిలిచేవారు. పళ్ళు చూసి కాదు, చేతిరాత చూసి. పెట్టెలు మడిచే పనిలో చేరిన మొదటి నెలలోనే ఆ రాత సూపర్‌వైజరు కంట పడింది. ఇంకేముంది, గాయాల రిజిస్టరు ఆమె నెత్తిన పడింది. ఎవరికైనా దెబ్బ తగిలితే, అంతకుముందు పేజీ చూసి కొత్త పేజీలోకి దించడమే పని. పేరు, తేదీ, ఏ వేలు అన్నవి మారతాయి. "కార్మికురాలి అజాగ్రత్త వల్ల" అన్న ముక్క మాత్రం మారదు. కింద దెబ్బ తిన్న మనిషి సంతకం. ఆరేళ్ళపాటు అలాగే దించింది, ఒక్క తలకట్టు కూడా చెదరకుండా. మహా ఘనకార్యం!

ఆ ఆరేళ్ళలో ఐదో ఏట బుద్ధి పుట్టి సాయంకాలం కాలేజీలో చేరింది. మొదటి వ్యాసం శ్రమ గురించి. గైడు తిరగేసి, బరువైన మాటలన్నీ ఏరి, నాలుగు పేజీలు నింపి ఇచ్చింది. మేడమ్ మెచ్చుకుంటుందనే అనుకుంది.

"రాత ముచ్చటగా ఉందమ్మా," అంటూ మేడమ్ కాగితాలు తిరిగిచ్చింది. "ఇందులో నువ్వు కళ్ళారా చూసింది ఏ వాక్యం?"

ముత్యాలుకి ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి నాలుగు పేజీలూ వెతికింది. ఒక్కటీ లేదు. ఆ రోజు నుంచి ఎవరేం చెప్పినా "నువ్వు చూశావా?" అంటూ ఇంటిల్లిపాది ప్రాణాలూ తోడేసేది.

"కాలేజీకెళ్తే చదువొస్తుందనుకున్నాను గానీ, ఇదెక్కడి రోగమే తల్లీ!" అని పిన్ని తల పట్టుకునేది. అమ్మ పోయాక ఆమెను పెంచింది ఆ పిన్నే. అదే ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళుగా కోత మిషన్ మీద పని.

ముత్యాలు రెండో ఏడు చదువుతుండగా ఆ మిషన్ పిన్ని కుడిచేతి చూపుడువేలు సగానికి తినేసింది. బ్లేడుకి అడ్డంగా ఉండే రేకును వారం ముందే ఊడదీశారు, పని జోరుగా సాగాలని. దగ్గరుండి ఊడదీయించింది సూపర్‌వైజరే. పక్క బల్ల దగ్గర పెట్టెలు మడుస్తూ ముత్యాలు అదంతా చూసింది.

నాలుగో రోజున పిన్ని చేతికట్టుతో ఆఫీసు గదిలోకి వచ్చి నిలబడింది. సూపర్‌వైజరు రిజిస్టరును ముత్యాలు ముందుకి తోశాడు. "ఊఁ, కానీ. ఎప్పటిలాగే."

ముత్యాలు రాసింది. రేకు ఏ రోజు తీశారో, ఎవరు తీయించారో, తీయొద్దని పిన్ని ఎంత మొత్తుకుందో అంతా రాసింది. ఆ గుండ్రటి అక్షరాలతోనే, ఒక్క కొట్టివేత లేకుండా. చదివేసరికి సూపర్‌వైజరు మొహం కందగడ్డలా అయింది.

"నాలుగు ముక్కలు రాగానే కళ్ళు నెత్తికెక్కాయా? ఇది పై ఆఫీసుకి వెళ్ళిందంటే రేపట్నించి మీ ఇద్దరికీ ఇక్కడ పనుండదు. చింపేసి మళ్ళీ రాయి."

"మీరే చింపండి సార్. మళ్ళీ ఇదే రాస్తాను. ఇప్పుడు నాకు వేరేలా రాయడం రావట్లేదు."

అతను పిన్ని వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండమ్మా. మీ సంతకం లేకపోతే ఇది చిత్తుకాగితమే."

పిన్ని ముత్యాలు వైపు తిరిగింది. "వాళ్ళడిగినట్టు రాసి పడెయ్యవే. పోయింది నా వేలేగా. నాకు లేని పట్టింపు నీకెందుకే?"

ముత్యాలుకి ఏడుపు ముంచుకొచ్చింది. అయినా ఆగలేదు.

"వేలు నీదే పిన్నీ. ఆరేళ్ళుగా అబద్ధం రాసిన చెయ్యి నాది. నువ్వు అజాగ్రత్తగా ఉన్నావా? ఉన్నానని నీ నోటితో చెప్పు, ఈ క్షణమే రాస్తాను."

 పిన్ని ఎడంచేత్తో పెన్ను అందుకుని, ముత్యాలు రాసినదాని కిందే వంకరటింకరగా తన పేరు గీసింది.

"ఇది మీ సంతకంలా లేదు. చెల్లదు," అన్నాడు సూపర్‌వైజరు.

"కుడిచేత్తోనే పెడతాను బాబూ," అంది పిన్ని. "నా వేలు మీ మిషన్లో ఉండిపోయింది. తెచ్చివ్వండి."