నడుం వంచకు

సరుకుల గోదాములో హమాలీల మేస్త్రీ పొద్దున్నే షట్టరు పక్కన చాప పరుచుకుంటాడు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, నడుమును మెల్లగా నేలకు అదిమి వదులుతాడు. వెన్నులో డిస్కు జారినప్పటి నుంచి ఇదే వరస. కాల్లోకి జివ్వుమని లాగితే, డాక్టరమ్మ చెప్పినట్టు, అక్కడితో ఆపేస్తాడు. "నడుం వంచండ్రా, సోమరిపోతుల్లారా!" అన్నది ఆయన పాత కేక. మొన్న కొత్తగా చేరిన హమాలీ ఒకడు బరువైన పెట్టె మీదికి వంగగానే, "ఒరేయ్, నడుం వంచకు!" అని అరిచాడు. "మేస్త్రీ పని మానెయ్యమంటున్నాడ్రోయ్!" అంటూ అందరూ పడీపడీ నవ్వారు. ఆయన నవ్వలేదు. పెట్టె ముందు మోకాళ్లు వంచి కూర్చుని, దాన్ని గుండెకు హత్తుకున్నాడు. "ఇలా పట్టుకోవాల్రా" అన్నాడు. పెట్టెను మాత్రం ఎత్తలేదు. లేచేటప్పుడు ఆయన చెయ్యి గోడ కోసం తడుముకోవడం చూశాక, నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.