వాన సంగతి అడిగిన మా బావ

మొన్నామధ్య ఒక పొద్దున్నే కుందుర్పి నుంచి అక్క ఫోన్ చేసింది. ఎత్తగానే ఎప్పటిలాగే, "వానేమన్నా పడిందా అక్కా మీ తట్టు?" అన్నాను. మా వైపు ఊళ్లలో ఎవరు ఎవరితో మాట్లాడినా మొదట వచ్చే మాట అదే. బాగోగులు ఆ తర్వాత.

"రాత్రి బాగానే పడింది రా. చేన్లు తడిసినాయి," అంది అక్క. ఆ వెంటే, "మీ బావ పోయినాడు. నిద్రలోనే," అంది.

ముందు వానకు జవాబు చెప్పి ఆ తర్వాతే ఆ మాట చెప్పింది. బావ ఉంటే మెచ్చుకునేవాడు.

బావను మీరు చూసే ఉంటారు. పేరు తెలిసి ఉండదు. టీవీ సీరియల్లో గది తలుపు తీసుకుని బయటికి వచ్చి, కళ్ళద్దాలు తీసి, తల అడ్డంగా ఊపే డాక్టరు ఆయనే. ఆర్డర్ ఆర్డర్ అనే జడ్జీ, పెళ్లిపందిట్లో వెనక వరసలో నిలబడే పెద్దమనిషీ ఆయనే. నేను అనంతపురంలో వేరుశనగ మండీలో లెక్కలు రాస్తుంటాను. రోజువారీ జమాఖర్చు తప్ప మరేదీ రాసిన అలవాటు లేదు. బావ గురించి ఇంకెవరూ రాయరు కాబట్టి రాస్తున్నాను.

ఊళ్లో నాటకాలాడే రోజుల్లో బావ ఎప్పుడూ రాజు పక్కన నిలబడే మంత్రి. ఆ నిలబడే తీరు చూసి ఒకాయన హైదరాబాదు తీసుకుపోయాడు. అప్పటి నుంచి పిలుపు వచ్చినప్పుడల్లా కుందుర్పి బస్సులో అనంతపురం వచ్చి, మా ఇంట్లో భోంచేసి, రాత్రి బస్సెక్కేవాడు. తిరిగొచ్చేటప్పుడు పొద్దున్నే మా ఇంట్లో ఉగ్గాని, బజ్జీ తిని ఊరికి పోయేవాడు. చేతిలో ఒక స్టీలు డబ్బా ఉండేది. అందులో డాక్టరు కళ్ళద్దాలు, జడ్జి కళ్ళద్దాలు, బ్యాంకు మేనేజరు కళ్ళద్దాలు. దేంట్లోనూ పవరు లేదు. తన సొంత అద్దాలు తీసేసి అవి పెట్టుకుంటే ఆయనకు ఎదుటి మనిషి ముక్కూ మొగం కనిపించేది కాదు. అందుకే జడ్జిగా ఎక్కడో దూరంగా చూస్తూ తీర్పు చెప్పేవాడు. అదే గొప్ప గాంభీర్యమని అందరూ అనుకునేవాళ్లు.

తాను వేసే సీరియల్ కథ ఆయనకెప్పుడూ తెలియదు. నేనొకసారి అడిగితే, "డాక్టరుకు ఇంటిగుట్టంతా యాలప్పా బామ్మర్దీ? జ్వరం చూసి పోవల్ల," అన్నాడు.

ఒకసారి కళ్యాణదుర్గం బస్సులో ఒక అవ్వ ఆయన్ని గుర్తుపట్టి మోకాలు చూపించింది. నేను పక్కనే ఉన్నాను.

"మంచి డాక్టరుకు చూపించుకో అవ్వా," అన్నాడు బావ.

"నువ్వు డాక్టరు గాదా?"

"టీవీలోనే అవ్వా."

"అట్లయితే రేపు టీవీలో వచ్చినప్పుడే చెప్పు. నేను చూస్తాండా గదా."

ఇన్ని వేషాలు వేసినా బావ గొంతు మాత్రం ఎవరూ వినలేదు. షూటింగు అయ్యాక వేరే ఒకాయన వచ్చి బావ మాటలన్నీ తన గొంతుతో చెప్పేవాడు. మా యాస డాక్టరుకు నప్పదని మొదటిరోజే చెప్పేశారట. టీకొట్టు దగ్గర కుర్రాళ్లు, "ఏమన్నా, టీవీలో నీ గొంతు గంట మోగినట్లుంటాది, ఈడికొస్తే బొంగురు పోతాదే?" అని ఎగతాళి చేసేవాళ్లు. "దాన్ని హైదరాబాదులోనే పెట్టి వస్తానప్పా. బస్సులో పోగొట్టుకుంటే మళ్లా ఎవురిస్తారు?" అనేవాడు బావ.

అక్కకు మాత్రం అది నవ్వులాట కాదు. బావ తెరమీదికి రాగానే సౌండు పూర్తిగా తీసేసేది. "మొగుడు నా మొగుడే. ఆ మాటెవురిదో నాకేం తెల్సు?" అనేది. బావ ఆ పక్కనే కూర్చుని నవ్వేవాడు గానీ, ఆ నవ్వు కొంచెం తక్కువగా ఉండేది. ఒక్కసారైనా ఆమె సౌండు పెట్టి చూడాలని ఆయన కోరిక. నాతో తప్ప ఎవరితోనూ అనలేదు.

చివరికి ఒక వేషం వచ్చింది. అత్తగారింట్లో కష్టాలు పడుతున్న కూతురిని చూడ్డానికి మన సీమ నుంచి వచ్చే తండ్రి వేషం. మీసం అతికించి, తొడకొట్టి అరవమన్నాడట డైరెక్టరు. ఉగ్గాని తింటూ బావ చెప్పిన మాటలు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి.

"నేనన్నా, సార్, మా తట్టు నాయన కూతురింటికి పోతే అరవడు, మొదట వాన అడుగుతాడు అని. ఆయన నగినాడు. హైదరాబాదులో వానతో నీకేం పనయ్యా అన్నాడు. నాకేం పని లేదు సార్, పాపతో మాట మొదలు పెట్టల్ల గదా అన్నా."

డైరెక్టరు రెండు రకాలుగానూ తీశాడు, అరిచింది ఒకటి, బావ చెప్పినట్టు ఒకటి. గొంతు ఇచ్చే ఆయన వచ్చి ఎన్నిసార్లు చెప్పినా, ఆయన నోట్లో వాన, వార్తల్లో చెప్పే వానలాగే ఉందట. మంచి మనిషి. "నావల్ల కాదు, ఆయన్నే పిలిపించండి," అన్నాడు. బావ మళ్లీ బస్సెక్కి పోయి రెండింటికీ తానే గొంతు ఇచ్చి వచ్చాడు. టీవీలో ఏది వేస్తారో మాత్రం ఎవరూ చెప్పలేదు.

అది టీవీలో వచ్చే సాయంత్రం నేనూ కుందుర్పి పోయాను. పక్కింటి అవ్వతో సహా వీధి సగం అక్క ఇంట్లోనే ఉంది. బావ మాత్రం బయట అరుగు మీద కూర్చున్నాడు. "నా మొగం నేను చూసిందే. వినపడితే సాలు," అన్నాడు. తెరమీద తలుపు తెరుచుకుంది. అక్క చెయ్యి అలవాటుగా సౌండు తీయబోయి ఆగింది. పెంచింది. గోడలు అదిరేలా పెంచింది.

"ఏం పాపా, వానేమన్నా పడిందా మీ తట్టు?"

అంతే. అరుపు లేదు, తొడ కొట్టడం లేదు. అరుగు మీద కూర్చునే బావ గొంతే. తెరమీద పిల్ల ఏడ్చింది. అక్క రిమోటును రెండు చేతులతో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

ముందుగా తేరుకుంది పక్కింటి అవ్వ. గడప దగ్గరికి పోయి, "ఏమప్పా, దీనికి హైదరాబాదు దాకా పోవల్లనా? ఈడ అరుగు మీద రోజూ అంటాండేది ఇదే గదా! నటించిందేముండాది ఇందులో?" అని నిలదీసింది.

బావ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. తనకు వచ్చిన అవార్డు అదొక్కటేనని కనబడిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు. ఆ తర్వాత మళ్లీ డాక్టరే, మళ్లీ జడ్జీనే, మళ్లీ ఆ గంట మోగే గొంతే. అక్క మళ్లీ సౌండు తీసేసింది. కానీ ఆ రోజు నుంచి బావ నవ్వులో తక్కువేమీ కనిపించలేదు.

బావ పోయిన పదకొండో రోజున నేను అక్కడే ఉన్నాను. ఆ పొద్దున కూడా జల్లు పడింది. అక్క వంటింట్లో బియ్యం చెరుగుతోంది. పక్కింటి అవ్వ మనవరాలి చేత ఫోన్లో ఆ సీను పెట్టించుకున్నట్టుంది. ప్రహరీగోడ మీదుగా బావ గొంతు వచ్చింది.

"ఏం పాపా, వానేమన్నా పడిందా మీ తట్టు?"

అక్క తలెత్తకుండానే, "పడింది, పడింది. చెప్పులు వాకిట్లోనే ఇడిసి రా, ఇల్లంతా బురదయితాది," అంది.

చేట ఆగిపోయింది. అక్క నా వైపు చూసింది. ఇద్దరం ఒకేసారి నవ్వాం. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, ఇంకా నవ్వుతూనే, గోడ దగ్గరికి పోయి, "ఇంకొంచెం సౌండు పెంచు పాపా," అని కేకేసింది.

గోడ అవతల నుంచి బావ మళ్లీ వాన సంగతి అడిగాడు.