సొరుగులో దొరికిన ముఖం

మొన్న మంగళవారం ఇక్కడి మునిసిపాలిటీ లాంటి కౌన్సిల్ మనుషులు మా ఎదురు ఫ్లాట్ ఖాళీ చేస్తుంటే, వాళ్లలో ఒకతను ఫొటో ఫ్రేము పట్టుకుని వచ్చి మా తలుపు తట్టాడు. ఆ ఫ్లాట్లో ఉండిన కొరియా పెద్దావిడ చలికాలంలో పోయింది, నా అన్నవాళ్లు లేరు; చెత్తలో పడేయడానికి మనసొప్పక, ఇరుగుపొరుగు ఎవరైనా ఉంచుకుంటారేమోనని తెచ్చాడట. తీసుకున్నాను. మా మనవరాలు చూసి, "తాతా, హూ ఈజ్ దట్?" అంది. జవాబు చెప్పాలంటే నేను పత్రికలో చేరిన కొత్త రోజుల దగ్గర మొదలుపెట్టాలి.

ఆ కాలం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, పత్రికలో ఫొటో వేయాలంటే ముందు దానికి లోహపు బ్లాకు చేయించాలి; అలా చేయించిన బ్లాకులకు వెనకాల పేరు రాసిన చీటీ అంటించి, మళ్లీ పనికొస్తాయని సొరుగుల్లో దాచేవాళ్లం. విజయవాడ ఆఫీసులో ఒక మధ్యాహ్నం టెలిప్రింటర్ మీద నాలుగు పంక్తులు వచ్చాయి. జపాను పాలనను ఎదిరించి, ఏళ్ల తరబడి జైళ్లలో మగ్గి, తీరా స్వాతంత్ర్యం వచ్చి దేశం రెండు ముక్కలయ్యాక ఆ ముక్కకూ ఈ ముక్కకూ కానివాడైన కొరియా నాయకుడొకరు పరాయి దేశంలో కన్నుమూశారని. పింఛను కాగితాలు పట్టుకుని మా ఆఫీసు బల్ల మీద కూర్చునే మన సమరయోధులను రోజూ చూసేవాణ్ణి కాబట్టి, మనసు ఉండబట్టక ఆ నాలుగు పంక్తులను రెండు పేరాలు చేశాను. ఫొటో లేదు, పేజీలో చోటుంది. మా డెస్కు ఇన్‌చార్జి గారు సొరుగు లాగి ఒక బ్లాకు ఇచ్చారు. వెనక చీటీ మీద జపాను వాణిజ్య మంత్రి అని ఉందండీ అంటే, "ఆ పక్క మొహాలన్నీ ఒకటేనోయ్. మన జిల్లాల్లో గుర్తుపట్టేవాడెవడు, వేసెయ్," అన్నారు. వేసేశాను. ఒక్క ఉత్తరం ముక్క రాలేదు. నేనూ మరిచిపోయాను.

ఇంగ్లీషువాళ్ల దేశంలో, ఈ ఇల్ఫర్డ్‌లో మా అమ్మాయి దగ్గరికి వచ్చాక, మోకాళ్ల నొప్పులే మమ్మల్ని కలిపాయి. ఎదురింటి కొరియా ఆవిడా నేనూ కలిసే సర్జరీకి, అంటే ఇక్కడి డాక్టరు క్లినిక్కుకు, వెళ్లేవాళ్లం. డాక్టరు పిలుపు కోసం కూర్చున్న ఒకనాడు ఆవిడ వాళ్ల నాన్నగారి సంగతి చెప్పింది. తన నాలుగో ఏట సరిహద్దు దాటి వెళ్లినాయన మళ్లీ కనిపించలేదనీ, పోలీసులకు భయపడి తల్లి ఫొటోలన్నీ పొయ్యిలో వేసిందనీ, ఆయన ముఖం ఎలా ఉండేదో తెలియకుండానే తానూ పోతాననీ. ఆయన పేరు వినగానే, పాత డెస్కు మనిషి గొప్ప ఎక్కడికి పోతుంది, ఆ మరణవార్త నేనే రాశాను, ఫొటోతో సహా వేశాం అనేశాను. ఆవిడ నా కోటు చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. బ్లాకు వెనక చీటీ నాకు ఇంటి మెట్లెక్కుతుంటే గుర్తొచ్చింది.

పత్రిక మూతపడింది, కాపీలు దొరకవు అంటూ నెలల పాటు దాటవేశాను. ఆవిడ అడగడం మానలేదు. ఆఖరి నిమిషంలో ఎవరైనా పేజీలోంచి ఫొటో తీసేశారేమోనన్న ఆశతో, మా తమ్ముడి కొడుకును గ్రంథాలయానికి పంపి ఆ పేజీ తెప్పించాను. ఫొటో ఉంది. నిజం చెప్పేద్దామనే ఎదురింటికి వెళ్లాను. నేను నోరు తెరిచేలోగా ఆవిడ కాగితం అందుకుని కిటికీ వెలుగులోకి తీసుకెళ్లి, కింద తెలుగులో ఉన్న పేరు నాచేత రెండుసార్లు చదివించుకుని, తన గడ్డం తడుముకుంటూ, "చూశారా, నా గడ్డమే," అంది. కాగితం ఆవిడ దగ్గరే వదిలి వచ్చేశాను.

ఆ ఫొటోకు ఫ్రేము కట్టించుకుని, పొద్దున్నే లేచి దానికి వంగి నమస్కరించేదని ఆవిణ్ణి చూసుకోవడానికి వచ్చే కేరర్ చెప్పింది. అంత్యక్రియలకు వెళ్లిన ఆరుగురమూ శవపేటిక పక్కన పెట్టిన ఆ ఫ్రేముకే తల వంచాం.

మనవరాలికి ఇదంతా చెప్పలేక, ఆ నాయకుడి పేరు మాత్రం చెప్పాను. ఫోనులో వెతికింది. ఒకే ఒక్క ఫొటో వచ్చింది. మా తమ్ముడి కొడుకు, పెదనాన్న రాసిన వార్త అని సంబరపడి ఇంటర్నెట్‌లో ఎక్కడో పెట్టిన పేజీలోది, ఎవరో ముఖం వరకు కత్తిరించుకున్నారు. "ఇట్స్ హిమ్, తాతా," అంది.

మా రోజుల్లో తప్పు అచ్చయితే మర్నాటికి బజ్జీల పొట్లమై చిరిగిపోయేది. ఇప్పుడు తప్పుకు చావు లేదు. సవరణ వేద్దామంటే పత్రిక లేదు, చదవవలసిన ఒక్క మనిషీ లేదు.