మసక వదలని మీటరద్దం

రెండు వేల ఇరవై మూడు, మార్చి నెల. గుంటూరు నుంచి ప్రత్తిపాడు వెళ్ళే రోడ్డు పక్కన నా మీటర్ రిపేరు షాపు. కల్లాల్లో ఎండిన మిర్చిని బస్తాలకెత్తి లారీల్లో తోలే రోజులవి. ఆ సీజనంతా మా రోడ్డు మీద ఎవరి కళ్ళయినా నీళ్ళు కారుతూనే ఉంటాయి. "ఘాటు" అని ఒక్క మాట అనుకుని, చొక్కా చేతికి తుడుచుకుని మళ్ళీ పనిలో పడతాం.

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే నా వృత్తి. ట్రాక్టర్లు, చీమకుర్తి రాళ్ళ లారీలు, పాత కార్లు, దేనికైనా స్పీడోమీటరు పనిచెయ్యకపోతే నా దగ్గరికే వస్తారు. మీటర్ల మీద ఉండే ప్లాస్టిక్ మూతని మేము లెన్స్ అంటాం, జనం అద్దం అంటారు. ఎండకీ దుమ్ముకీ అది పాలిపోయి మసకబారుతుంది. తడిపిన ఎమరీ పేపరుతో ముందు గరుగ్గా, తర్వాత నున్నగా రుద్దుతాం. దాన్ని వెట్ శాండింగ్ అంటారు. ఆ తర్వాత కాంపౌండ్ అనే ముద్ద రాసి, మెషిన్‌కి బిగించిన గుడ్డచక్రంతో మెరుగు పెట్టడం బఫింగ్. పని అయిందా లేదా చూడ్డానికి నాకో పద్ధతుంది. గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి బిగించుకునే చిన్న భూతద్దం ఉంటుందే, దాన్ని కుడికంటికి పెట్టుకుని, ఎడమకన్ను మూసి, లెన్స్‌ని వెలుతురుకెత్తి చూస్తాను. భూతద్దంలో పాసయితేనే నా షాపు దాటుతుంది. ఈ విషయంలో నాకు గర్వం ఎక్కువేనని ఒప్పుకుంటాను.

ఆ నెలలో ప్రత్తిపాడు నుంచి మేరీరత్నం టీచరు గారు తెల్ల పద్మిని కారు నడుపుకుంటూ వచ్చారు. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. పాస్టరుగా చేసిన భర్త పోయాక ఆయన కారు తనే నడుపుతూ, ఆదివారాలు నడవలేని ముసలమ్మలను చర్చికి తీసుకెళ్ళి దింపుతారట. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వారం రోజుల్లో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు బండి పెట్టాలి. మీటరు అంకెలే కనిపించడం లేదు. ఇంతవరకూ వచ్చిన బండి ఈ అద్దం దగ్గర ఆగిపోతుందేమోనని ఆవిడ భయం. ఆ మోడల్ లెన్స్ ఇప్పుడు ఎక్కడా దొరకదు. ఉన్నదాన్నే బాగుచెయ్యాలి.

"రెండు రోజుల్లో కొత్తదానిలా చేసిస్తానండి," అన్నాను.

చేశాను కూడా. రెండు కళ్ళతో చూస్తే బాగానే ఉంది. భూతద్దం పెట్టి చూస్తే మాత్రం బియ్యం కడిగిన నీళ్ళు ఆరినట్టు సన్నటి తెల్లపొర. మళ్ళీ రుద్దాను. మళ్ళీ పొర. మూడోసారి రుద్దబోతుంటే టీచరు గారు వచ్చారు. లెన్స్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"తేటగానే ఉందండి మస్తాన్‌రావు గారూ. బిగించెయ్యండి."

"మీకు తెలీదులెండి టీచరు గారూ. వయసు మీద పడ్డాక అంతే కనిపిస్తది. ఇంకా మసకుంది," అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. లెన్స్ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. ఆ తర్వాత రెండు రోజులు కనపడలేదు.

ఆ రెండు రోజులూ నాకు పిచ్చెక్కినంత పనయింది. కాంపౌండ్ కల్తీదేమో అని కొత్త డబ్బా తెచ్చాను. గాలిలో మిర్చి దుమ్ము తడి లెన్స్ మీద వాలుతోందేమో అని షట్టరు సగం దించి పనిచేశాను. బోరునీళ్ళలో సున్నం ఉందని మంచినీళ్ళ క్యాన్ తెప్పించాను. భూతద్దాన్నే అనుమానించి కొత్తది కొన్నాను. అందులోనూ అదే పొర. ఇక లాభం లేదని అద్దంలా ఉండే కొత్త యాక్రిలిక్ ప్లాస్టిక్ షీటు తెచ్చి, దాని మీద అంటించిన కాగితం అప్పుడే ఒలిచి భూతద్దంలో చూస్తే అదీ మసకే. షీట్లమ్మే ఆయన దగ్గరికెళ్ళి నాసిరకం అంటగట్టావని నలుగురిలో కేకలేశాను. ఆయన షీటుని ఎండకి పెట్టి చూశాడు, నన్ను చూశాడు. ఆయనే దొంగచూపు చూస్తున్నాడనుకుని ఇంటిదారి పట్టాను.

ఐదో రోజు పొద్దున టీచరు గారి లెన్స్ మళ్ళీ మెషిన్‌కి పెట్టి కసికొద్దీ నొక్కాను. బఫింగ్‌లో ఒకేచోట ఎక్కువసేపు ఉంచితే వేడికి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. కొత్తగా పనిలో చేరినవాడికి చెప్పే మొదటి జాగ్రత్త అది. అరవై అంకె మీదికొచ్చే చోట లెన్స్ అలలా వంకరపోయింది. దాన్ని పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాను. ఎక్కడా దొరకని వస్తువుని నా చేతులతో నేనే నాశనం చేశాను, ఎందుకు చేశానో కూడా తెలియడం లేదు.

టీచరు గారు సరిగ్గా అప్పుడే వచ్చారు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, చీవాట్ల కోసం తలొంచుకున్నాను. ఆవిడ లెన్స్ వంక చూడనే లేదు.

"మీరు అద్దాన్ని ఎలా చూస్తారో ఒకసారి చూపించండి," అన్నారు.

భూతద్దం పెట్టి చూపించాను. అంతే, ఆవిడ గొంతులో అండీ గారూ పోయి బళ్ళో టీచరొచ్చింది.

"అది తీసెయ్. ఎడమకన్ను అలాగే మూసి ఉంచు. ఆ గోడ మీద క్యాలెండర్‌లో ఈ రోజు తేదీ కింద ఏం రాసుందో చదువు."

తేదీ అంకె కనిపించింది. కింద ఉన్నవి అక్షరాలో ఈగ మరకలో తేలలేదు.

"మిర్చి ఘాటండి. రెండేళ్ళ నుంచీ ఇంతే, సీజన్ కదా," అన్నాను.

"సీజన్ మూడు నెలలే కదయ్యా. పైగా ఘాటయితే రెండు కళ్ళకీ తగలాలి. కుడికన్నొక్కటే ఏం పాపం చేసింది?"

కుడికన్ను మూసి ఎడమకంటితో చూశాను. అక్షరాలు చక్కగా ఉన్నాయి. కొత్త షీటు ఎత్తి చూశాను. నీళ్ళలా ఉంది. కన్ను చెడిందన్న బాధ తర్వాత వచ్చింది, ముందు వచ్చింది అయోమయమే. ఇన్నాళ్ళూ నేను రుద్దింది దేన్ని? మసక పోదని పొదిలి రైతు ట్రాక్టరు లెన్స్ ఒకటి చెత్తలో పారేశాను. అది నిజంగా మసకదేనా? రెండేళ్ళలో నా చేతిమీదుగా పోయినవన్నీ వరసగా గుర్తొచ్చాయి.

ఇన్‌స్పెక్షన్‌కి రెండు రోజులే ఉంది. ఇక వేరే దారి లేక, నేను తిట్టిపోసిన ఆ షీటునే కోసి, వేడిచేసి, పాతదాని వంపుకి వంచాను. ఈసారి చూసే పని టీచరు గారిది. కుర్చీ వేసుకుని కూర్చుని, నోటు పుస్తకాలు దిద్దినట్టు, "ఇక్కడ గీత, ఇక్కడ మరక," అని చెబుతుంటే అక్కడే రుద్దాను. చాలన్నప్పుడు ఆపాను. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఇంజనూ బ్రేకులూ చూసి, మీటరు వంక ఒక్క చూపు చూసి సంతకం పెట్టాడట.

మరుసటి వారం అదే కారులో నన్ను కళ్ళ ఆస్పత్రికి తీసుకెళ్ళారు. శుక్లం అన్నారు. ఆపరేషన్ అయ్యి, నెల గడిచి, డాక్టరు సరేనన్నాక మొదట ఆ పాత లెన్స్ తీసి కుడికంటితో భూతద్దంలో చూశాను. నేను కాల్చిన ఆ ఒక్క చోటు తప్ప మిగతాదంతా అద్దంలా ఉంది. షీట్లమ్మే ఆయన దగ్గరికెళ్ళి, ఆ రోజు ఎంత గట్టిగా తిట్టానో అంత గట్టిగా నలుగురిలో తప్పయిందన్నాను. అక్కణ్ణుంచి ప్రత్తిపాడు వెళ్ళాను.

"మొదటిసారే తేటగా ఉందన్నారు కదండీ. అప్పుడే గట్టిగా చెప్పుంటే నేను దీన్ని పాడుచేసేవాణ్ణి కాదు," అన్నాను టీచరు గారితో.

"ఇరవై ఎనిమిదేళ్ళ పనివాడివి, మసకుందన్నావు. నిజమేనేమో అనుకున్నాను," అన్నారావిడ. "ఆ రెండు రోజులూ నా కళ్ళే చూపించుకోడానికి వెళ్ళి, బాగానే ఉన్నాయనిపించుకుని వచ్చాను మస్తాన్‌రావు. నీ మాట మీద."

ఆ పాత లెన్స్ ఇప్పుడు నా బల్ల మీద, భూతద్దం పక్కనే ఉంటుంది. పని అయ్యాక ముందు బండి తెచ్చినవాళ్ళ చేతికే ఇచ్చి, ఎలా కనిపిస్తోందని అడుగుతాను. వాళ్ళ జవాబు విన్నాకే భూతద్దం అందుకుంటాను.