తావ్ మాస్టారి శుభ్రమైన నాలుక

షావోషింగ్ పట్టణంలో కాలువ వంతెన పక్కన యింగ్ వారి మందుల శాల. అందులో వైద్యుడి బల్ల వెనుక గోడకు ఒక ప్రకటన వేలాడుతూ ఉంటుంది: "వైద్యానికి వచ్చే ఉదయం నాలుక గీసుకోరాదు. నిజం దాచిన రోగికి ఏ మందూ పనిచేయదు." కుంచె ఎక్కడా తడబడకుండా ఆ అక్షరాలు రాసి ఇచ్చినవారు తావ్ యోంగ్‌నియెన్, ముప్పై నాలుగేళ్ళు చరిత్ర పాఠాలు చెప్పి విరమించిన మాస్టారు. ఆ ప్రకటనను మీరినవారు కూడా ఆయనే.

అబద్ధమంటే తావ్ మాస్టారికి ఒళ్ళు మండుతుంది. వారంలో చక్కెర మాయం చేస్తామని పొడులు అమ్మే దుకాణాల మీద ఆయన రాసిన ఫిర్యాదుల నకళ్ళు, వాటికి వచ్చిన జవాబులు, జవాబు రానివాటి విషయం గుర్తుచేస్తూ మళ్ళీ రాసిన ఉత్తరాలు, అన్నీ తేదీల వరసన అట్టల మధ్య కట్టి ఆయన అలమరలో ఉన్నాయి. లోకంలో ఎవరు ఎప్పుడు మాట తప్పారో చెప్పమంటే, కాగితం తీసి చూపించి మరీ చెప్పగలరు.

కిందటి వసంతంలో పెద్దాసుపత్రి వారు ఆయన చేతిలో కూడా ఒక కాగితం పెట్టారు. నడుం చుట్టుకొలత తొంభై ఎనిమిది సెంటీమీటర్లు. రక్తపోటు, రక్తంలో చక్కెర, కొవ్వు, మూడూ హద్దు దాటాయి. అన్నిటికీ కలిపి మెటబాలిక్ సిండ్రోమ్ అన్నారు. ఆసుపత్రి మాత్రలు మింగుతూనే, ఆ ఊళ్ళో అందరూ చేసినట్టే, మాస్టారు కషాయం కోసం మందుల శాల మెట్లెక్కారు.

అక్కడ వైద్యం చూసేది యింగ్ సుచిన్, ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్న పిల్ల. ఇప్పుడు నలభై దాటిన డాక్టరమ్మ. మూడు వేళ్ళు మణికట్టు మీద ఆన్చి, కళ్ళు సగం మూసి, చాలాసేపు నాడి చూసింది. తరువాత నాలుక చాపమంది.

"మాస్టారూ, ఒంట్లో చెమ్మ, కఫం పేరుకుపోయాయి. నాలుక మీద పాచి చూడండి, వెన్న రాసినట్టుంది. ఇది తగ్గేదాకా పంది కొవ్వు, బియ్యపు సారా రెండూ మానాలి."

"నేను మానానంటే మానినట్టే," అన్నారు మాస్టారు.

తామరాకు, ఎండు కమలాతొక్క, నీరు తీసే గింజలు కలిపి ఆమె చీటీ రాసిచ్చింది. రెండు వారాలు ఆయన నిజంగానే నిగ్రహించుకున్నారు. మూడో వారం భార్య మెయ్‌దీ చెల్లెలి ఇంటికి వెళ్ళిన రోజున, వంతెన కింది పూటకూటింటి నుంచి, ఎండబెట్టిన ఆవకూరతో ఆవిరి మీద మగ్గిన పంది మాంసపు వాసన వచ్చింది. మాస్టారి కాళ్ళు అటే నడిచాయి. మాంసం వెంట గోరువెచ్చని సారా కూడా గొంతు దిగింది.

మర్నాడు శాలకు వెళ్ళాల్సిన రోజు. పొద్దున అద్దంలో చూసుకుంటే నాలుక మీద పాచి దిట్టంగా పసుపు పట్టి ఉంది. ఆ క్షణాన ఆయన్ని భయపెట్టింది జబ్బు కాదు, ఒక జ్ఞాపకం. ఏడో తరగతిలో ఇదే సుచిన్ ఇంటిపని పుస్తకం కాలువలో పడిందని చెబితే, ఆయన నమ్మక, గంటసేపు వరండాలో నిలబెట్టారు. "అబద్ధమాడే నోటికి అన్నం చేదవుతుంది" అని తరగతి మొత్తం వినేలా అన్నారు. ఇప్పుడు ఆ పిల్ల బల్లకు అవతల కూర్చుని అడిగే మొదటి ప్రశ్న: నిన్న ఏం తిన్నారు?

మాస్టారు వంటింట్లోకి వెళ్ళి పింగాణీ చెంచా తెచ్చుకుని, దాని అంచుతో నాలుకను ఎర్రబడేదాకా గీసుకున్నారు.

"జావ, ఉడికించిన ఆకుకూర," అన్నారు శాలలో.

"మీరు కాబట్టి ఇంత కట్టుదిట్టంగా ఉంటున్నారు మాస్టారూ! మిగతావాళ్ళకి మీ పేరే చెబుతున్నా," అని సుచిన్ మురిసిపోతూ చీటీలో రాసుకుంది: నాలుక శుభ్రం.

ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఎన్ని కావాలో చరిత్ర చెప్పినవారికి తెలియనిది కాదు. వారం తరువాత వారం, చెంచా తరువాత చెంచా. ఆ శుభ్రమైన నాలుకను నమ్మి సుచిన్ చెమ్మ తీసే దినుసులు తగ్గించి, బలం పెంచే వేళ్ళు కలపసాగింది. మాస్టారి ఒళ్ళు బరువెక్కింది, తల తిరగడం మొదలైంది. ఉడికిన మందు పిప్పిని వాకిట్లో దారి మీద పోస్తే, తొక్కినవారి కాళ్ళతో రోగం పోతుందని మెయ్‌దీ నమ్మకం.

"ఇదిగో ముసలాయనా," అందామె ఒకనాడు, "ఆర్నెల్లుగా నీ పిప్పి తొక్కీ తొక్కీ వీధంతా సన్నబడింది. నీ నడుం మాత్రం కదలదేం?"

ఆకురాలు కాలంలో ఆసుపత్రి కాగితం మళ్ళీ వచ్చింది. నడుం నూటొకటి, చక్కెర మునుపటికన్నా ఎక్కువ. ఆ కాగితం సుచిన్ తండ్రి, ఎనభై మూడేళ్ళ యింగ్ పెద్దాయన కంట పడింది. చలికాలంలో పొద్దు తిరిగే పండుగ నాటికి, ప్రధాన వైద్యుడిగా తాను కూర్చునే కుర్చీ కూతురికి అప్పగించాలని ఆయన నిశ్చయించుకుని ఉన్నాడు. పాత చీటీలన్నీ చూడాలన్నాడు. ఎవరి దగ్గర ఉంటాయి? తావ్ మాస్టారి దగ్గర, వరస తప్పకుండా.

రోగులు బారులు తీరి కూర్చున్న గదిలో పెద్దాయన ఆ అట్ట విప్పి చదివాడు.

"ప్రతి చీటీలోనూ నాడి జారుడుగా, బరువుగా ఉందని రాశావు, అది చెమ్మకు గుర్తు. నాలుకేమో శుభ్రమన్నావు. చెమ్మ నిండిన ఒంటికి బలం మందులు పోశావు. వేళ్ళు ఒకటి, కళ్ళు ఒకటి చెబుతుంటే ఆగి ఆలోచించవద్దూ?"

"నా వేళ్ళే పొరబడ్డాయనుకున్నాను నాన్నా," అంది సుచిన్ తల దించుకుని. "మాస్టారు పథ్యం తప్పరు."

"పొరబడే వేళ్ళకి కుర్చీ ఎందుకు? ఇంకో మూడేళ్ళు నా పక్కన స్టూలు మీద కూర్చో."

ఆ మాట వరసలో ఉన్నవాళ్ళందరికీ వినబడింది. వెనక బెంచీ మీద కూరగాయలమ్మే ఆవిడ పెదవి చప్పరించింది: "పాపం, అంత చదువూ చదివి!" తావ్ మాస్టారు పెదవి విప్పబోయారు. ఎదురుగా గోడ మీద తన చేతిరాత. టోపీ, చీటీల అట్ట తీసుకుని, ఎవరి మొహమూ చూడకుండా మెట్లు దిగారు.

ఆ మధ్యాహ్నం ఆయన అన్నం ముట్టలేదు. గంటసేపు వరండాలో నిలబడిన పిల్ల నోరెత్తి తప్పును తన మీద వేసుకుంది. నిలబెట్టిన పంతులు పారిపోయి వచ్చాడు. ఆ సంగతి మెయ్‌దీకి చెప్పడానికి ఆయనకు సాయంత్రం దాకా పట్టింది. ఆవిడ తిట్టలేదు. "నా చెంచా అందుకేనా అరిగిందీ," అని మాత్రం అంది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

తెల్లవారింది. మాస్టారు నోరు పుక్కిలించలేదు. పరీక్ష పేపర్లు దిద్దే ఎర్ర సిరా తీసి, తన దగ్గరున్న చీటీల్లో "నాలుక శుభ్రం" అన్న చోటల్లా పక్కన "అబద్ధం, గీసుకుని వెళ్ళాను" అని రాసి, సంతకం చేసి, తేదీ వేశారు. మెయ్‌దీ ఆయన వెంట బయలుదేరింది. దారిలో మళ్ళీ పారిపోతాడేమోనని ఆవిడ అనుమానం కావచ్చు.

శాల నిండుగా ఉంది. మాస్టారు అందించిన అట్టలోంచి పెద్దాయన రెండు చీటీలు చదివి, అట్ట మూసి, కూతురి ముందుకు తోశాడు. ఆమె చదువుతుండగా, తన చెవులు కాలడం మాస్టారికి తెలుస్తూనే ఉంది.

"నాలుక చాపండి," అన్నాడు పెద్దాయన.

చాపారు. బెంచీల మీదివాళ్ళు మెడలు సాచి మరీ చూశారు. "ఓలమ్మో, గోడ మీద రాసినాయనే!" అంది కూరగాయలావిడ. ఎవరో నవ్వారు. అరవై తొమ్మిదేళ్ళ మనిషి, ఊరందరి ముందు, పసుపు పాచి పట్టిన నాలుక చాపుకుని, రెప్ప వేయకుండా నిలబడ్డారు.

పెద్దాయన కూతురి వైపు తిరిగాడు. "నీ వేళ్ళు సరిగ్గానే చెప్పాయి. వాటిని నమ్మకపోవడం నీ తప్పు. అది ఇవాళ్టితో సరి." అంటూ తన కుర్చీలోంచి లేచి, టీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గరి స్టూలు మీద కూర్చున్నాడు.

సుచిన్ క్షణం ఆగి, తండ్రి కుర్చీలోకి మారింది. మాస్టారి మణికట్టు అందుకుంది. ఆమె ఒక్క మాట అంటే బాగుండునని ఆయన ఎదురుచూశారు. ఆమె కొత్త చీటీ తీసి, అందరినీ అడిగే గొంతుతోనే అడిగింది.

"నిన్న ఏం తిన్నారు?"

"నిన్న ఏమీ తినలేదమ్మా. మొన్న... పంది మాంసం."

"ఎన్ని ముక్కలు?"

"నాలుగు," అన్నారు మాస్టారు.

"ఆరు," అంది వెనక నుంచి మెయ్‌దీ. "పూటకూటింటివాణ్ణి అడిగొచ్చాను."

సుచిన్ కలం కాగితం మీద ఆగింది. ఆమె తల ఎత్తలేదు.

"ఆరు," అన్నారు తావ్ మాస్టారు.

ఆమె ఆరు అని రాసుకుంది.