జలీల్ భాయ్ బదులు తిన్నది

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చేసరికి ఎక్కడో ఎవరో బిర్యానీ హండీ మూత తీశారు. తీసిన మనిషి కనబడలేదు, హండీ కనబడలేదు. వాసన మాత్రం జనాన్ని తోసుకుంటూ నేరుగా నా దగ్గరికే వచ్చి నిలబడింది. పుదీనా, ఎర్రగా వేగిన ఉల్లిగడ్డ, అడుగున కొంచెం మాడిన బియ్యం. నా సంచిలో ఉన్నదేమో నీళ్లలో కలిపిన ప్రోటీన్ పొడి. వెనిలా రుచి అని డబ్బా మీద రాసుంది గాని, వానకు తడిసిన సున్నం గోడను నాకినట్టే ఉంటుంది. వచ్చే వారం పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో నా కడుపును కోసి చిన్నది చేస్తారు. అప్పటిదాకా పొద్దుటి టిఫినూ ఇదే, రాత్రి విందూ ఇదే. మధ్యలో మజ్జిగ, పప్పు మీది తేట. కాలేయానికి పట్టిన కొవ్వు కొంత కరిగితేనే లోపల పనిముట్లు తిప్పడానికి చోటు దొరుకుతుందట. అట్లాంటి మనిషికి ఆ వాసన తగలగానే ఆకలి వేయాలి కదా. వేయలేదు. "ఎట్లుంది, చెప్పు" అని ఎవరో అడిగినట్టయింది. జవాబు వెతుక్కుంటూ ఫుట్‌పాత్ మీద నిలబడిపోయాను. వెనకవాళ్లు తిట్టుకుంటూ పక్కనుంచి పోయారు.

అడిగింది జలీల్ భాయ్. ఆయన పోయి ఏడాది దాటింది.

మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు కాబట్టి ముందు ఆకారం చెబుతాను. జలీల్ భాయ్ అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు నేర్పే ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. ఆయన లిఫ్టులో కాలు పెడితే మా బిల్డింగు అటువైపు కొంచెం ఒరిగేది. నవ్వకండి, గోడకు వేలాడే ఫ్లెక్సీలు గాలి లేకపోయినా ఊగడం నేను కళ్లారా చూశాను. ఆయన కోసం సనత్‌నగర్‌లో ఒక వర్క్‌షాపు వాళ్లు ఇనప కుర్చీ చేసిచ్చారు. రైలు పెట్టె కింద వాడే స్ప్రింగు దానికి వేశారని నేను అందరికీ చెప్పేవాణ్ణి. చెప్పీ చెప్పీ ఇప్పుడు నాకే అది నిజమేమో అనిపిస్తోంది. నా ఉద్యోగం కూడా చెప్పడమే. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల నుంచి వచ్చే పిల్లలను కూర్చోబెట్టి, ఈ కోర్సు చేస్తే బతుకు ఎట్లా మలుపు తిరుగుతుందో వర్ణించి చేర్పించాలి. ఒకరోజు నా వర్ణన తలుపు చాటు నుంచి విని భాయ్ లోపలికొచ్చాడు. కేకలేస్తాడనుకున్నాను. "మల్లేశ్, నువ్వు అబద్ధం చెప్పవ్ భాయ్. నిజానికి జర నెయ్యి పోస్తవ్" అన్నాడు. నన్ను అంత మర్యాదగా తిట్టినవాళ్లు గాని, అంత సూటిగా మెచ్చుకున్నవాళ్లు గాని మరొకరు లేరు. అది రెంటిలో ఏదో ఇప్పటికీ తేలలేదు.

ఒక వేసవిలో లిఫ్టు చెడిపోయింది. భాయ్ మెట్లెక్కుతూ సగంలో కూర్చుండిపోయాడు. మోకాళ్లు పట్టుకుపోయాయి, ఊపిరి ఈలలా వస్తోంది. పిల్లలు ఆయన పక్కనుంచి ఒదిగి ఒదిగి పైకి పోతున్నారు. నేను నీళ్లు తెచ్చిస్తే తాగి, నా వైపు చూడకుండా, "నా దుకానంలకు నేనే ఎక్కలేకపోతున్న" అన్నాడు. అప్పటికే షుగరు ఉంది, రాత్రుళ్లు ఊపిరి ఆగకుండా మూతికి గొట్టం పెట్టుకుని పడుకోవాల్సి వచ్చేది. ఇట్లాగే ఉంటే గుండె ఎక్కువకాలం మోయలేదని డాక్టరు ముందే చెప్పాడట. ఆ మెట్ల మీదే ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు.

ఆపరేషన్‌కు ముందు కొంత బరువు తగ్గి రమ్మని డాక్టరు పంపిస్తే, ఈ కబురు మాసబ్ ట్యాంక్‌లోని చుట్టాలందరికీ చేరింది. పాపం జలీల్ ఇక జన్మలో కడుపునిండా తినలేడట! ఇంతకంటే ఘోరం వాళ్ల ఇళ్లలో ఎవరికీ జరగలేదు. మేనమామ ఒకపూట దావత్ ఇచ్చాడు. అది విని చిన్నాన్న రోషం తెచ్చుకుని ఇంకో పూట పొట్టేలును కోయించాడు. అత్తగారింటి వాళ్లు ఊరుకుంటారా? వద్దంటే వాళ్లు చిన్నబోతారని భాయ్ అన్నిచోట్లా కూర్చున్నాడు, అన్నీ తిన్నాడు. తగ్గి రమ్మన్న మనిషి పెరిగి పోయేసరికి డాక్టరు బరువు చూసే మెషీను చెడిపోయిందేమోనని ముందు తాను ఎక్కి చూసుకున్నాడు. తర్వాత భాయ్‌ని చడామడా తిట్టి తారీఖు మార్చాడు. బయటికొచ్చాక భాయ్ నా భుజం మీద చెయ్యేసి, "మల్లేశ్, నాతోని కాదు. ఎవలన్న పిలిస్తే నా తరఫున నువ్వు పో. నా బదులు నువ్వు తిను" అన్నాడు.

అదీ మొదలు. నేను ఆయన తరఫున విందులకు వెళ్లడం, ఆయన ఇంట్లో మజ్జిగ, పప్పుతేట తాగుతూ కూర్చోవడం. మర్నాడు ఆఫీసులో నేను అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాలి. ఈసారి బరువు తగ్గి వెళ్లాడు, ఆపరేషన్ బాగానే జరిగింది. కడుపు అరటిపండంత మిగిలిందట. కొన్నాళ్లు నీళ్లలాంటివి, ఆ తర్వాత మెత్తగా రుబ్బినవి, ఆ తర్వాత గుడ్డు, పప్పు, చెంచాడు ఖీమా. గుజ్జయ్యేదాకా నమలాలి. తింటూ నీళ్లు తాగకూడదు. ఆయన ఒక ముద్ద మింగేలోపు నేను ఒక కోర్సు మొత్తం అమ్మేసేవాణ్ణి. జుట్టు కొంత రాలింది, కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది. బుగ్గలు పోయి, వాటి వెనక ఎప్పటినుంచో దాక్కున్న ఒక సన్నటి మనిషి బయటికొచ్చాడు. మా వాచ్‌మన్ ఆయన్ని గుర్తుపట్టక, "సార్ లేరు, రేపు రండి" అని గేటు దగ్గరే ఆపేశాడు.

నడవగలిగినప్పటి నుంచి భాయ్ నన్ను హోటళ్లకు తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. అమీర్‌పేటలో ఒక రోజు, పంజాగుట్టలో ఒక రోజు. ప్లేటు నా ముందు, ఆయన నాకెదురుగా. "తిను. తినుకుంట చెప్పు. ఎట్లుంది?" మొదట్లో బాగుందని ఊరుకునేవాణ్ణి. ఊరుకోనిచ్చేవాడు కాదు. దాంతో నేనూ నెయ్యి పోయడం మొదలుపెట్టాను. "భాయ్, ఈ మేక మామూలు మేక కాదు. బతికున్నప్పుడు గజళ్లు విన్నది. ముక్క నాలిక మీద పెడితే ఆదాబ్ చేసి కరిగిపోతున్నది" అనేవాణ్ణి. భాయ్ కళ్లు మూసుకునేవాడు. పెదాలు బిగబట్టి, రెండు చేతులతో టేబుల్ అంచు పట్టుకునేవాడు. అమ్మో, ఈ మనిషి రుచిని చెవులతో తాగుతున్నాడు అనుకునేవాణ్ణి. ఇంకాస్త పోసేవాణ్ణి, ఇంకాస్త తినేవాణ్ణి.

రంజాన్ నెల తర్వాత ఒక పెళ్లిలో నేను చేయి కడుక్కోవడానికి అటు తిరిగినంతలో ఆయన ఖుబానీ మీఠా తినేశాడు. కొంచెమే. కాసేపటికి ఒళ్లంతా చెమట, గుండె దడ. కారులో వెనక సీటులో పడుకోబెట్టి కాళ్లు పట్టుకు కూర్చున్నాను. కడుపు చిన్నదయ్యాక తీపి ఒక్కసారిగా పేగుల్లోకి జారితే అట్లా అవుతుందని తర్వాత డాక్టరు చెప్పాడు. తేరుకున్నాక, "ఎందుకు తిన్నరు భాయ్? నన్ను పిలిస్తే నేను తినకపోదునా?" అని గొంతు పెంచాను. ఆయన నీరసంగా నవ్వాడు. "పిల్ల తండ్రి చేత్తోని పెట్టిండు. ఎట్ల కాదంట?" ఆ రోజు నుంచి నాకొక సంగతి ఖాయమైపోయింది. నేను తినకపోతే ఈయన తింటాడు, తింటే ప్రాణం మీదికి వస్తుంది. అంటే నేను తినడం తిండి కాదు, కాపలా.

కాపలా కాసీ కాసీ నా చొక్కా గుండీలు ఊడిపోవడం మొదలైంది. మా ఆవిడ సరిత ఒకరోజు వాటిని కుడుతూ, "ఆపరేషన్ ఆయనకైతే కడుపు నీకు కుట్టిండ్రా ఏంది?" అంది.

"నీకు తెల్వదు. ఆయన నా మీదనే ఆధారపడ్డడు."

"ఆయన సంగతేమో గని, నువ్వు ఆధారపడ్డది గీ కుర్చీ మీద. సూడు ఎట్ల ఒర్గిందో."

తర్వాత పరీక్ష చేయిస్తే షుగరు వచ్చింది. మెట్లెక్కితే నాకూ ఈల మొదలైంది. భాయ్‌తో చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. ఒకసారి పంజాగుట్టలో ప్లేటు పక్కకు జరిపి, "ఇయ్యాల వద్దు భాయ్, కడుపు నిండింది" అన్నాను. ఆయన ముఖం వాడిపోయింది. ప్లేటు వంక చూశాడు, నా వంక చూశాడు. "నా ముందట షరం పడకు మల్లేశ్. తిను బేటా" అన్నాడు, చాలా మెల్లగా. నాకు సిగ్గెందుకు? అర్థం కాలేదు. పాపం, ఆకలి ఆయనది, దాన్ని నాదని చెప్పుకుంటే ఆయనకు తేలికగా ఉంటుందేమోనని ప్లేటు మళ్లీ దగ్గరికి లాక్కున్నాను.

అట్లా కొన్నేళ్లు గడిచాక, ఒక వానాకాలంలో ఆయనకు జ్వరం వచ్చింది. విషజ్వరమన్నారు. ఆపరేషన్‌కూ దానికీ సంబంధం లేదన్నారు. ఆసుపత్రిలో మూడు పూటలు చూశాను, నాలుగో పూటకు చూడటానికి లేడు.

నలభై రోజుల ఫాతెహాకు మాసబ్ ట్యాంక్‌లో వాళ్లింటికి వెళ్లాను. భోజనాలయ్యి మగవాళ్లు లేచిపోయినా భాయ్ భార్య అమీనా భాభీ నన్ను లేవనివ్వలేదు. నా కంచంలో తానే వడ్డించింది. ఒకటి, ఇంకొకటి. నేను అలవాటు ప్రకారం భాయ్ తరఫున తింటున్నాను. ఆఖరిసారి కదా అని ఒక్క మెతుకూ వదలడం లేదు.

"మంచిగ తిను బాబా," అంది భాభీ. "నువ్వు తింటే ఆయనకు మస్తు ఖుషీ. నీ కోసమే హోటళ్లకు పోయెటోడు, పాపం."

"నా కోసమా? భాభీ, ఆయన కోసమే నేను పోయిన."

భాభీ గరిటె దించింది. "ఆయనకు ఆపరేషన్ అయినంక తిండి మీద మనసే పోయింది కదా. ఇంట్ల గోష్ వండితే వాసనకు బాల్కనీలకు ఉరికెటోడు. హోటల్ అంటే కడుపుల తిప్పుతదనెటోడు. మరి ఎందుకు పోతవ్ అంటే, మల్లేశ్ చిన్నప్పుడు ఆకలి సూసిండు, నేను పోకపోతే ఆ పిలగానికి ఎవలు పెడ్తరు అనెటోడు. మీ అమ్మ ఒక్క గుడ్డును దారంతోని కోసి ఇంటిల్లిపాదికి పంచెటిదంట కదా. అది జెప్పుకుంట ఏడ్చిండు ఒకసారి."

చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాను. గుడ్డు, దారం. ఆ మాట భాయ్‌తో ఎప్పుడు అన్నానో గుర్తు లేదు. ఏ మధ్యాహ్నమో టీ తాగుతూ, నవ్వించడానికి అల్లిన వేల మాటల్లో అదొకటై ఉంటుంది. కానీ అమ్మ వేళ్ల మధ్య తెల్లటి దారం బిగుసుకోవడం, పచ్చసొన మీద సన్నటి గీత పడటం నాకు కనిపిస్తున్నాయి. కల్పిస్తే ఇంత స్పష్టంగా కనిపిస్తాయా? అమ్మను అడుగుదామంటే అమ్మ లేదు. అక్కకు ఫోన్ చేస్తే, "ఏమోరా, గుడ్డెక్కడిది మనకు?" అని నవ్వింది. ఆ నవ్వుకు అర్థం గుడ్లే లేవనా, కథే లేదనా? మళ్లీ అడగడానికి ధైర్యం చాలలేదు.

అయితే ఆ కళ్లు మూసుకోవడం? పెదాలు బిగబట్టడం, టేబుల్ అంచు పట్టుకోవడం? గజళ్లు విన్న మేక గురించి నేను నెయ్యి పోస్తూ ఉంటే, ఆయన వాంతిని ఆపుకుంటూ కూర్చున్నాడా? నేను ఆయన ప్రాణం కాపాడుతున్నానని తింటుంటే, ఆయన నా బాల్యానికి అన్నం పెడుతున్నానని ఓర్చుకున్నాడా? మరి "నా బదులు తిను" అన్నది ఎవరు? ఖుబానీ మీఠా ఎందుకు తిన్నాడు? ఇవన్నీ ఎదురెదురుగా పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నా కలవవు. అన్నేళ్లు ఒకే టేబుల్ దగ్గర ఇద్దరం కూర్చున్నాం, మా మధ్య ఒకే ప్లేటు. దాన్ని ఎవరు ఎవరికి పెట్టారో ఇద్దరిలో ఒక్కడికీ తెలియదు.

ఈ ఏడాది నా గుండె పరీక్ష చూసి, డాక్టరు నాకూ ఆపరేషనే మంచిదన్నాడు. పంజాగుట్టలో తిండి సంగతి చూసే అమ్మాయి నన్ను కూర్చోబెట్టి, కోత కడుపుకే గాని అలవాటుకు కాదని, తర్వాత కూడా జీవితాంతం చూసి తినాలని చెప్పింది. "సార్, ఆకలితో తింటారా, ఊరికే తింటారా?" అని అడిగింది. ఏ ప్రశ్నకైనా మూడు కథలు చెప్పగలిగిన వాణ్ణి, దానికి ఒక్కటీ దొరకలేదు. ఆమె నా మౌనాన్ని సిగ్గు అనుకుని, పరవాలేదు సార్ అంది.

నిన్న రాత్రి సరితా నేనూ భోజనానికి కూర్చున్నాం. నాకు గ్లాసులో పప్పుతేట. ఆమె తనకు అన్నం, చింతచిగురు కూర పెట్టుకుంది. నేను తేట చప్పరిస్తూ చూస్తున్నాను. ఆమె ఈ మధ్య నా దిగులుతో సరిగా తినడం లేదు, మణికట్టు ఎముకలు తేలుతున్నాయి. లేచి గరిటెతో ఇంకొంచెం అన్నం, దాని మీద కూర వేశాను. ఆమె వద్దనలేదు, తిన్నది. మళ్లీ వేయబోయాను. సరిత చేయి అడ్డం పెట్టి నా ముఖంలోకి చూసింది.

"ఎవలి కోసం పెడ్తున్నవ్? నా కోసమా, నీ కోసమా?"

గరిటె ఆమె కంచం మీద, గాలిలో, అట్లాగే పట్టుకుని నిలబడ్డాను.